సయ్యదు అబ్దుల్ రహీముగారి జీవితము

ప్రతి సంవత్సరము ఈ పత్రికయందు ఒక మహనీయుని జీవితమును విద్యార్థులకు వినిపించుట మన పాఠశాల యాచారము. కవులను గూర్చియు, దేశసేవకులను గూర్చియు, దూరదేశములనుండి వచ్చి మన పల్లెలలో బడులును వైద్యశాలలును నెలకొల్పిన మిషనరీలను గూర్చియు వెనుకటి సంచికలలో వ్రాయబడెను. ఈ సంవత్సరము మేము మావంటి యొక బడిపంతులును గూర్చి వ్రాయ దలచితిమి. హైదరాబాదు నగరమున బాలురకు పాఠములు చెప్పి, సాయంకాలమున వారిచే ఫుట్‌బాలు ఆడించి, తుదకు భారతదేశపు జట్టును ఆసియాఖండమున కెల్ల అగ్రస్థానమున నిలిపిన సయ్యదు అబ్దుల్ రహీముగారే ఆ పంతులు.

ఈ కథను ఎన్నుకొనుటకు కారణము మన మైదానముననే పుట్టినది. ఈ యేడు సాయంకాలపు టాటలలో పెద్దతరగతుల బాలురు రెండు పక్షములై వాదించుకొనుచుండిరి. కాలి నేర్పు గలవాడు బంతిని తానే నడిపించుకొనుచు గోలువఱకు పరుగెత్తవలెనని ఒక పక్షము. ఎంతటి నేర్పరియైనను బంతిని వెంటనే తోడివానికి అందింపవలెనని, అనగా పాసు చేయవలెనని, రెండవ పక్షము. తీర్పు చెప్పుడని వారు మాయొద్దకు వచ్చిరి. ఒక్కమాటలో తీర్పు చెప్పుట మాకు సాధ్యము కాలేదు. కాని ఆ ప్రశ్ననే ఇరువదియేండ్లు మనసున నుంచుకొని, మైదానమున పరీక్షించి, మరణించునంతవఱకు దానికి సమాధానము వెదకిన ఉపాధ్యాయుడు మన సీమలోనే యుండెనని వారికి చెప్పితిమి. ఆ చెప్పినదానినే ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఆ దినములలో హైదరాబాదు నగరమును, మన సుల్తానాబాదును నిజాము ప్రభువుల యేలుబడిలో ఒక్క సంస్థానమునకు చెందియుండెను. నేడు మన యూరు పెద్దపల్లి జిల్లాలోనిదైనను, 2016వ సంవత్సరమువఱకు కరీంనగరు జిల్లాలోనిదే యని పెద్దలందఱును ఎఱుగుదురు. కావున రహీముగారు మనకు పరాయివారు కారు. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందిరి. చదువుకొను దినములలోనే ఫుట్‌బాలునందు పేరు తెచ్చుకొనిరి. అప్పటి విద్యార్థులును పూర్వవిద్యార్థులును కూడి యేర్పఱచుకొనిన ఎలెవెన్ హంటర్సు అను జట్టులోను, తరువాత నగరపు లీగునందు మంచి పేరు గల కమర్ క్లబ్బులోను ఆయన ఆడిరి.

పట్టము పొందిన పిమ్మట ఆయన ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫు పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాటు ఉన్నత పాఠశాల, ఈ నాలుగింటను ఆయన పనిచేసిరి. మధ్యలో వ్యాయామవిద్యయందు డిప్లొమా సంపాదించి, కడపటి రెండు పాఠశాలలలో ఆటల బాధ్యతను వహించిరి. ఈ సంగతిని మేము ప్రత్యేకముగా చెప్పుటకు కారణము కలదు. పేరొందిన ఆటగాడు కోచి యగుట లోకమున సాధారణము. రహీముగారు తరగతి గదినుండి మైదానమునకు వచ్చినవారు. నలువదిమంది పిల్లలున్న తరగతిలో త్వరగా గ్రహించువారు పదిమంది యుందురు, మెల్లగా గ్రహించువారు ముప్పదిమంది యుందురు. ఆ పదిమందిని మాత్రమే చూచి పాఠము నడపిన పంతులు తన పని సగమైనను చేయనివాడే. ఈ యనుభవమును రహీముగారు ఆటకు తెచ్చిరి.

ఇక మన బాలురు వాదించుకొనిన ప్రశ్న ఎంత పాతదో చెప్పవలసియున్నది. 1863వ సంవత్సరమున లండను నగరమున ఫుట్‌బాలునకు నియమములు వ్రాయబడినప్పుడు, బంతికి ముందున్న తోడివానికి దానిని అందించుట నిషిద్ధముగా నుండెను. ఆ నియమము 1866లో సడలింపబడినను పాత యలవాటు వెంటనే పోలేదు. ఒక్కడు బంతిని కాలితో నడిపించుకొనుచు పరుగెత్తును, మిగిలినవారు గుంపుగా వాని వెనుక పరుగెత్తుదురు, వాని కాలినుండి బంతి జాఱినయెడల వేఱొకడు దానిని గ్రహించి మరల పరుగెత్తును. ఇదియే నాటి ఆంగ్లేయుల ఆట. దీనికి డ్రిబ్లింగు అని పేరు. 1872వ సంవత్సరము నవంబరు 30వ తేదీన గ్లాస్గో నగరమున ఇంగ్లండునకును స్కాట్లండునకును ప్రపంచమున మొదటి అంతర్జాతీయ ఫుట్‌బాలు పోటీ జరిగెను. స్కాట్లండువారు శరీరభారమున తక్కువవారు. ఒక్కొక్కడుగా ఢీకొనినచో తాము నిలువజాలమని వారెఱుగుదురు. కావున వారు బంతిని ఒకరికొకరు అందించుకొనుచు ఆడిరి. ఆ పోటీలో ఎవ్వరును గోలు చేయలేదు, కాని బలవంతులైన ఆంగ్లేయులు గెలువలేకపోయిరి. అప్పటినుండి పాసు చేయు పద్ధతి లోకమంతటను వ్యాపించెను.

అట్లయినచో పరుగు పనికిరానిదా? ఈ ప్రశ్నకు మన పల్లెలలోనే సమాధానము కలదు. వేసవిలో గుడిసె అంటుకొనినప్పుడు ఊరివారేమి చేయుదురో తలచుకొనుడు. ప్రతివాడును తన కుండను తానే బావినుండి మోసికొని పరుగెత్తినచో గుడిసె కాలి బూడిద యగును. బావినుండి గుడిసెవఱకు వరుసగా నిలిచి చేతినుండి చేతికి కుండల నందించుకొందురు. కాని వరుస తుద నిలిచినవాడు ఆ కుండను పట్టుకొని మంటలోనికి చొరవలెను. వాడు కూడ ప్రక్కవానికి కుండ నందించి ఊరకున్నచో మంట ఆఱదు. వరుస లేక వాని ధైర్యము వ్యర్థము, వాని ధైర్యము లేక వరుస వ్యర్థము. ఫుట్‌బాలునందును ఇంతియే. పాసు చేసిన బంతి ఏ మనుష్యుని కాలికంటెను వేగముగా పోవును. కాని ఎల్లప్పుడును పాసే చేయు జట్టును ఎదుటిపక్షమువారు కదలక నిలిచి సులభముగా కనిపెట్టుదురు. ఒకడు బంతితో తమ మీదికి పరుగెత్తి వచ్చినప్పుడు ఇద్దఱు ముగ్గురు వానిని అడ్డుకొన పోవుదురు. అప్పుడు వారు విడిచిన చోటు తెఱపి యగును. ఆ తెఱపిలోనికి పాసు చేయుటయే నేర్పు. పరుగు పాసునకు దారి తీయును, పాసు పరుగునకు చోటు కల్పించును.

రహీముగారు 1943వ సంవత్సరమున హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యైరి. అప్పుడు ఆ సంఘమునకు అధ్యక్షులు ఎస్. ఎం. హాదీగారు. నాటి మన బాలురకు డ్రిబ్లింగుపై మక్కువ మెండు. ఇద్దఱు ముగ్గురిని తప్పించి బంతిని నడిపించుకొనిపోవువానికి చూచువారి చప్పట్లు దొరకుచుండెను, పాసు చేసినవాని పేరు ఎవరికిని జ్ఞాపక ముండెడిది కాదు. ఉపన్యాసములవలన ఈ యలవాటు మానదని రహీముగారు గ్రహించిరి. బోధనాశాస్త్రము చదివినవారికి ఇది తెలిసిన విషయమే. చేయవలసిన పనిని పిల్లవాడు తానై చేయునట్లు పాఠమును అమర్చవలెను గాని, చేయుమని నూఱుమాఱులు చెప్పుటవలన ప్రయోజనము లేదు. కావున ఆయన డ్రిబ్లింగు లేని టోర్నమెంట్లను ఏర్పాటు చేసిరి. వానియందు బంతి తనయొద్దకు వచ్చినవాడు దానిని నడిపించుకొనిపోరాదు, వెంటనే అందింపవలెను. మొదట బాలురకు కాళ్లు కట్టివేసినట్లు తోచియుండవచ్చును. కాని బంతి రాకముందే కన్నెత్తి తోడివాడెచ్చట నున్నాడో చూచుకొనుట ఆ టోర్నమెంట్లలో వారికి అలవడెను.

ఇంకొక టోర్నమెంటునందు ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే బంతిని తన్నవలెనని నియమము పెట్టిరి. కుడికాలివాడు ఎడమకాలితో ఆడవలెను, ఎడమకాలివాడు కుడికాలితో ఆడవలెను. మొదట తడబాటును, ప్రేక్షకుల నవ్వులును తప్పవు. కాని ఒక్క కాలిని మాత్రమే నమ్ముకొనినవాడు ఒక్క దిక్కునకు మాత్రమే పోగలడు, వానిని కనిపెట్టుట సులభము. రెండు కాళ్లును వచ్చినవాడు ఎటు తిరుగునో ఎదుటివానికి తెలియదు. దుర్బలమైన కాలికి పని చెప్పినగాని బలము రాదని ఆ టోర్నమెంట్లు నేర్పినవి. తరగతిలో వెనుకబెంచీమీద కూర్చున్నవానిని ప్రశ్న వేయక విడిచిపెట్టు పంతుళ్లము మేమును ఈ పాఠమును నేర్చుకొనవలసియున్నది.

1950వ సంవత్సరమునుండి మరణించువఱకు రహీముగారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షణ మిచ్చిరి. ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు గెలిచెను. 1950, 1954, 1957 సంవత్సరములలో డ్యూరాండు కప్పును గూడ గెలిచెను. కలకత్తావారే ఫుట్‌బాలునకు పెద్దలని దేశమంతయు తలచుచున్న దినములలో దక్కనునుండి పోయిన పోలీసు జవానులు ఈ కప్పులను తెచ్చిరి. 1956, 1957 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీ కూడ హైదరాబాదునకు దక్కెను.

1951లో దేశపు జట్టు బాధ్యత ఆయన భుజములమీద ఉండెను. ఆ సంవత్సరము మార్చి నెలలో క్రొత్త ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగెను. శైలేన్ మన్నా నాయకత్వమున మన జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తానమును జయించి, తుదిపోటీలో ఇరానును ఒక్క గోలుతో ఓడించి స్వర్ణపతకము పొందెను. ఆ గోలు చేసినవాడు షేవు మేవాలాలు. దేశమంతయు సంతోషించెను.

కాని మరుసటి సంవత్సరమే ఆ సంతోషము చెదరిపోయెను. 1952లో ఫిన్లాండు దేశపు హెల్సింకి నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో మన జట్టు యుగోస్లావియా చేతిలో ఒక గోలునకు పది గోలులతో ఓడిపోయెను. మనవారిలో పెక్కుమంది బూట్లు లేక వట్టికాళ్లతో ఆడిరి. వట్టికాలికి బంతి స్పర్శ చక్కగా తెలియును, దగ్గఱ దగ్గఱగా నడిపించుకొనుటకు అది మేలు. కాని చలిదేశమున తడిసిన పచ్చికమీద నీరు పీల్చి బరువెక్కిన తోలుబంతిని దూరముగా పంపుటకు వట్టికాలు చాలదు. అనగా పరుగునకు అలవాటుపడిన మన ఆట పాసునకు సిద్ధముగా లేదు. ఆ యోటమి పిమ్మట ఆటగాండ్రందఱును బూట్లు తొడుగవలెనని అఖిల భారత సంఘము నిర్ణయించెను.

ఓటమి పొందిన గురువు రెండు విధముల ప్రవర్తింపవచ్చును. శిష్యులను నిందించుట యొకటి, తాను మరల విద్యార్థి యగుట రెండవది. రహీముగారు రెండవ మార్గమున నడచిరి. 1953వ సంవత్సరము నవంబరులో హంగరీ జట్టు లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండును మూడు గోలులకు ఆఱు గోలులతో ఓడించి లోకమును ఆశ్చర్యపఱచెను. అంతవఱకు ముందువరుసలో ఐదుగురు ఫార్వర్డులు ఒక్క గీతమీద నిలిచినట్లు ఆడుట వాడుక. హంగరీవారి నడిమి ఫార్వర్డు హిడెగ్‌కుటి తన చోటు విడిచి వెనుకకు జరిగి ఆడెను. వానిని కావలి కాయవలసిన ఆంగ్లేయుడు వెంట పోవలెనో, తన చోటనే నిలువవలెనో తెలియక తికమకపడెను. వెంట పోయినచో వెనుక తెఱపి యగును, పోకున్నచో హిడెగ్‌కుటికి పాసు చేయుటకు తీరిక దొరకును. రహీముగారు ఈ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి, మన జట్టునకు తగినట్లుగా మార్చి అభ్యాసము చేయించిరి. నలుగురు వెనుక, ఇద్దఱు నడుమ, నలుగురు ముందు నిలుచు పద్ధతి 1958లో బ్రెజిలు ప్రపంచకప్పును గెలిచినప్పుడు లోకప్రసిద్ధి చెందెను. దానికి ముందే రహీముగారు దానిని తన ఆటగాండ్రకు అలవాటు చేసిరని ఆట చరిత్ర నెఱిగినవారు చెప్పుదురు.

దాని ఫలము 1956లో ఆస్ట్రేలియాదేశపు మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో కనబడెను. మన జట్టు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే రెండు గోలులకు నాలుగు గోలులతో ఓడించెను. వానిలో మూడు గోలులు నెవిల్ డిసౌజా యొక్కడే చేసెను. నాలుగేండ్ల క్రిందట మనమీద పది గోలులు చేసిన యుగోస్లావియాయే సెమీఫైనలునందు మరల ఎదురాయెను. ఈ పర్యాయము మొదటి గోలు మనవారే చేసిరి. తుదకు ఒక గోలునకు నాలుగు గోలులతో ఓడినను, ఆ యోటమికిని హెల్సింకి యోటమికిని గల భేదము గ్రహింపదగినది. మూడవ స్థానమునకై జరిగిన పోటీలో బల్గేరియా గెలిచెను. మనకు నాలుగవ స్థానము దక్కెను. ఒలింపిక్ ఫుట్‌బాలునందు మన దేశము అంతకుమించిన స్థానమును నేటివఱకు పొందలేదు.

ఆ జట్టునందు సికింద్రాబాదు ప్రాంతమున అమ్ముగూడకు చెందిన తులసీదాసు బలరాము అను ఇరువదియేండ్ల యువకుడుండెను. అతడు పేదకుటుంబమునకు చెందినవాడు. అమ్ముగూడనుండి నగరమునకు అభ్యాసమునకై ప్రతిదినము వచ్చుటకు తనకు శక్తి లేదని అతడు చెప్పగా, అద్దె సైకిలునకు కావలసిన సొమ్మును రహీముగారే ఇచ్చుచుండిరని ప్రతీతి. ఆటయందు బలరాము బంతిని నడిపించుటలోను, అందించుటలోను సమానముగా నేర్పరి. ఎప్పుడు పరుగెత్తవలెనో, ఎప్పుడు విడువవలెనో ఎఱిగినవాడు. 1960లో రోము నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో హంగరీమీదను, పెరూమీదను మనకు వచ్చిన గోలులు అతడు చేసినవే. ఆ క్రీడలలోనే ఫ్రాన్సుతో మనవారు చెఱియొక గోలుతో సమానముగా నిలిచిరి. బలరాము 2023లో పరలోకగతుడయ్యెను.

బలరాముతోపాటు కుడిప్రక్క గాలివలె పరుగెత్తు ప్రదీపకుమార బెనర్జీయు, నడుమ బంతిని ఎవరికిని చిక్కనీయక నడుపు చునీ గోస్వామియు రహీముగారి యొద్ద నుండిరి. ముగ్గురును ముగ్గురే. ఇట్టివారు ఎవరికి వారే గోలువఱకు పోదలచినచో జట్టు మూడు ముక్కలగును. వారి పరుగును అణచివేసి పాసు మాత్రమే చేయుడని శాసించినచో దేవుడిచ్చిన వరము వ్యర్థమగును. రహీముగారు ముగ్గురిని ఒక త్రికోణముగా కూర్చిరి. ఒకడు పరుగెత్తినప్పుడు ఇద్దఱు చోటు చూచుకొనవలెను, ఒకనిమీదికి శత్రువులు మూగినప్పుడు బంతి రెండవవానికి చేరవలెను. డ్రిబ్లింగు లేని టోర్నమెంట్లు పెట్టిన ఆయనయే డ్రిబ్లింగునందు ఆరితేరినవారిని ఇంత ఆదరించుట మన బాలురు గమనింపవలెను. నేర్పును ఆయన ద్వేషింపలేదు, దానికి సమయము నేర్పిరి.

1962వ సంవత్సరము ఆగష్టు నెలలో ఇండోనేషియా రాజధానియగు జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు ప్రారంభమాయెను. అప్పటికి రహీముగారి ఆరోగ్యము క్షీణించుచుండెను. క్యాన్సరు వ్యాధి ఆయనను తినివేయుచుండెను. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనవారిని రెండు గోలులతో ఓడించెను. పిదప థాయిలాండును, జపానును మనవారు గెలిచిరి. థాయిలాండుతో ఆడునప్పుడు వెనుకవరుసకు స్తంభమువంటి జర్నయిలు సింగు తలకు గాయము తగిలి కుట్లు పడెను. మఱియొకరైనచో అతనిని ఇంటికి పంపియుందురు. రహీముగారు అతనిని వెనుకవరుసనుండి తీసి ముందువరుసలో నడిమి ఫార్వర్డుగా నిలిపిరి. సెమీఫైనలునందు దక్షిణ వియత్నాముమీద మనవారు చేసిన మూడు గోలులలో చునీ గోస్వామి రెండు చేయగా, మూడవది కట్టు కట్టుకొనిన జర్నయిలుదే.

సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీలో మరల దక్షిణ కొరియాయే ఎదురాయెను. ఆ దినమున జకార్తా మైదానము మనకు అనుకూలముగా లేదు. ఇజ్రాయేలు, తైవాను దేశముల ఆటగాండ్రను ఆ క్రీడలకు రానీయకపోవుటను మన దేశపు క్రీడాధికారి జి. డి. సోంధీగారు ఆక్షేపించియుండిరి. అందుచేత అచ్చటి జనులు మనవారిపై కోపించి, భారత రాయబార కార్యాలయముమీద గూడ దాడి చేసిరి. మైదానమున లక్షమందివఱకు చేరి మన జట్టు బంతి ముట్టినప్పుడెల్ల గేలి చేయుచుండిరి. అట్టి కేకలలో ఎవరికైనను తొందర కలుగును. తొందరపడిన ఆటగాడు తనకు వచ్చిన పనినే గ్రుడ్డిగా చేయును, పరుగెత్తువాడు పరుగెత్తుచునే యుండును, పాసు చేయువాడు భయముతో బంతిని వదలించుకొనును. మనవా రట్లు చేయలేదు. పదునేడవ నిమిషమున బెనర్జీయు, ఇరువదవ నిమిషమున జర్నయిలు సింగును గోలులు చేసిరి. జ్వరమునుండి కోలుకొనిన గోల్‌కీపరు పీటరు తంగరాజు గోలును కాపాడెను. ఆట ముగియవచ్చుచుండగా కొరియావారు ఒక గోలు చేసిరి గాని అంతకుమించి చేయలేకపోయిరి. స్వర్ణపతకము మనకు దక్కెను. చునీ గోస్వామి నాయకుడుగా పతకము నందుకొనెను.

విద్యార్థులారా, ఆ జట్టునందలి పేరులను మరల చదువుడు. వంగదేశీయుడు నాయకుడు. తలకు గాయముతో గోలు చేసినవాడు పంజాబునకు చెందిన సిక్కు. గోలు కాచినవాడు క్రైస్తవనామము గల తంగరాజు. ఎడమప్రక్క ఆడినవాడు అమ్ముగూడ బీదవాడు బలరాము. వారితో కూడి ఆడినవాడు హైదరాబాదీయుడు యూసుఫ్ ఖాను. వీరందఱిని ఒక్క జట్టుగా కూర్చినవారు మహమ్మదీయుడైన బడిపంతులు. పౌలు భక్తుడు కొరింథులోని సంఘమునకు వ్రాసిన పత్రికలో శరీరమునకును అవయవములకును గల సంబంధమును గూర్చి చెప్పిన యుపమానమును మీరు బైబిలు తరగతిలో చదివియుందురు. దానికి ఇంతకంటె చక్కని దృష్టాంతమును మేము చూపజాలము.

జకార్తానుండి తిరిగివచ్చిన తొమ్మిది నెలలకు, 1963వ సంవత్సరము జూను 11వ తేదీన, రహీముగారు పరలోకగతులైరి. అప్పటికి ఆయన వయస్సు ఏబదిమూడేండ్లు మాత్రమే. ఆయన కుమారుడు హకీముగారు 1960లో రోము పోయిన జట్టులోనివారు, పిదప అంతర్జాతీయ రెఫరీగాను కోచిగాను పనిచేసి 2021లో మరణించిరి. రహీముగారి మరణానంతరము 1970లో బాంగ్కాకున మన జట్టు కాంస్యపతకము పొందెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలునందు స్వర్ణము మాత్రము 1962 తరువాత మనకు రాలేదు. చాలకాలము ఆయన పేరును జనులు మఱచియుండిరి. 2024లో ఆయన జీవితమును గూర్చి మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడిన పిమ్మట మన బాలురలో కొందఱికి ఆ పేరు తెలిసినది.

ఇచ్చట మేము మా తప్పిదమొకటి చెప్పుకొనవలసియున్నది. పూర్వము మేము పనిచేసిన యొక బడిలో కాలి నేర్పు మిక్కిలిగా గల బాలుడొకడుండెను. బంతి వానికి చిక్కినచో గోలు తప్పదని మాకు గర్వము. ఆ జట్టునందే ఎడమప్రక్క నిలుచు మఱియొక బాలుడుండెను. వాడు ప్రతి సాయంకాలము ఆటకు వచ్చును, ఆటయంతయు పరుగెత్తును, బంతి మాత్రము వాని కాలికి వచ్చుట అరుదు. మేము గోలులను లెక్కించుకొనుచు వానిని చూడలేదు. కొన్ని నెలలకు వాడు మైదానమునకు వచ్చుట మానెను, సంవత్సరము తిరుగకముందే బడికి వచ్చుటయు మానెను. ఆట యొక్కటే కారణమని మేము చెప్పజాలము. కాని ఎవరును తనకు బంతి నందింపని చోట పిల్లవాడు ఎన్నాళ్లు నిలుచును? ఆ పోటీలలో మా జట్టు గెలిచెనా ఓడెనా యని ఇప్పుడు మాకు జ్ఞాపకము లేదు. ఆ బాలుని ముఖము మాత్రము జ్ఞాపకమున్నది. రహీముగారి చరిత్ర నప్పుడే చదివియుండినచో, డ్రిబ్లింగు లేని ఆటను వారమున కొక్కదినమైనను ఆడించియుందుము.

కావున మా తీర్పును అడిగిన బాలురకు ఇప్పుడు సమాధానము చెప్పుచున్నాము. నేర్పు గలవాడా, నీకు దేవుడిచ్చిన తలాంతును పాతిపెట్టకుము. ఎదుట ఒక్కడే యున్నప్పుడు, గోలు దగ్గఱగా నున్నప్పుడు, నీవు వెనుదీయక పరుగెత్తుము. కాని నీమీదికి ఇద్దఱు వచ్చిరా, నీ తోడివాడెవడో ఒక్కడు విడువబడియున్నాడని తెలిసికొని కన్నెత్తి వానిని వెదకుము. పాసు కోరువాడా, ఊరక నిలిచి చేయి యెత్తి కేక వేయుట చాలదు. బంతి అందుకొనదగిన చోటునకు నీవే పరుగెత్తుము. బంతి లేనివాని పరుగు కూడ ఆటలో భాగమే. ఇరువురును ఈ మాట పాటించినచో మీ తగవు తీఱును.

ఈ సంవత్సరమునుండి ప్రతి శనివారము సాయంకాలము మన మైదానమున బాలురకును బాలికలకును డ్రిబ్లింగు లేని ఆటను, నెలకొక పర్యాయము అలవాటు లేని కాలితో ఆటను ఏర్పాటు చేయ సంకల్పించితిమి. తల్లిదండ్రులు, సాయంకాలపు టాట చదువునకు చేటని తలపక, తమ పిల్లలను ఆ దినమున గంటసేపు మైదానమున నిలుపవలెనని ప్రార్థించుచున్నాము. పరీక్షలో మొదటివాడుగా వచ్చుట ఒక్కనికే సాధ్యము. సమయమెఱిగి తోడివానికి అందించుట అందఱికిని సాధ్యము. రహీముగారు జీవితమంతయు నేర్పిన పాఠమిదియే.